పై అంతస్తు ఎవరి వాటా? సాలిగ్రామంలో మా పాత ఫ్లాట్ల రీడెవలప్‌మెంట్

బిల్డర్ ఇచ్చిన మొదటి ఆఫర్ లెటర్‌లో 75:25 అని ఉంది. పాత బిల్డింగు పడగొట్టి కొత్తగా కట్టేదాంట్లో డెబ్భై ఐదు శాతం మాకు, ఇరవై ఐదు ఆయనకు. మద్రాసులో అంత ఉదారంగా ఇచ్చే బిల్డర్‌ని నేనింతవరకు చూడలేదు. మా అసోసియేషన్ సెక్రటరీ తమిళాయన, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆ కాగితం నా చేతిలో పెట్టి, "మీరు అకౌంట్స్ చూసే మనిషి కదమ్మా, ఇందులో ఎక్కడో మెలిక ఉంది, కాస్త చూడండి" అన్నారు. పై ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు పిన్ని గారైతే చదవకుండానే తేల్చేశారు. "కాగితంలో 'అప్ టు' అనే మాట ఎన్ని చోట్లుందో ముందు లెక్కపెట్టవే!"

మెలిక నిజంగానే ఉంది. అది అర్థం కావాలంటే ముందు మా స్థలం సంగతి చెప్పాలి.

వడపళని దాటి పోరూరు వైపు వెళ్తుంటే, ఆర్కాట్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక 40 అడుగుల వీధిలో ఉండేది మా బిల్డింగు. స్థలం నాలుగు గ్రౌండ్లు. ఇక్కడ గజాల్లో చెప్పుకోరు, గ్రౌండ్ అంటే 2400 చదరపు అడుగులు. అంటే మొత్తం 9600 అడుగులు. కింద వీధి వైపు నాలుగు షాపులు, వెనక పార్కింగ్, పైన మూడంతస్తుల్లో 12 ఫ్లాట్లు. ఫ్లాటు వెయ్యి అడుగులు, షాపు ఆరు వందలు. 1980లలో కట్టారు. అప్పట్లో ఈ చుట్టుపక్కలంతా సినిమా వాళ్ళే. మా నాన్న సౌండ్ రికార్డింగ్‌లో పనిచేసేవారు, స్టూడియోలకు దగ్గరని ఇక్కడ కొన్నారు. ఇండస్ట్రీ హైదరాబాద్ వెళ్ళాక కొందరు దాని వెనకే వెళ్ళారు, కొందరం ఉండిపోయాం. విజయా వాహినీ స్టూడియోల స్థలంలో ఇప్పుడు హాస్పిటలూ, పెద్ద మాలూ ఉన్నాయి. మెట్రో మొదటి దశలో కోయంబేడు నుంచి ఆలందూరు దాకా 2015లో రైలు మొదలైనప్పుడే వడపళనికి స్టేషన్ వచ్చింది. ఇప్పుడు రెండో దశలో లైట్‌హౌస్ నుంచి పూందమల్లి వెళ్ళే లైను మా ఆర్కాట్ రోడ్డు పైనుంచే పోతోంది. ఆళ్వార్ తిరునగర్ దగ్గర్నుంచి ఈ లైనూ, ఇంకో మెట్రో లైనూ ఒకే స్తంభాల మీద, ఒకదానిపై ఒకటిగా వెళ్తాయి. ఆ స్తంభాలు లేచిన దగ్గర్నుంచి బ్రోకర్లు వచ్చి కాలింగ్ బెల్ కొట్టడం మొదలైంది.

పడగొట్టాలన్న నిర్ణయానికి మాత్రం మెట్రో కారణం కాదు. శ్లాబుల్లో కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బి, సీలింగ్ పెచ్చులు ఊడి పడుతున్నాయి. రోడ్డు మళ్ళీ మళ్ళీ వేసినప్పుడల్లా దాని ఎత్తు పెరిగి, మా పార్కింగ్ రోడ్డు కంటే గుంటలోకి వెళ్ళిపోయింది. 2015 డిసెంబరు వరదలో షాపుల్లో మోకాలు దాటి నీళ్ళు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకు కరెంటు మీటర్ల బోర్డు దాకా వచ్చాయి. లిఫ్టు లేదు. మూడో అంతస్తు వాళ్ళలో ఇద్దరు మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకున్నారు. రిపేరుకు ఇంజనీరు చెప్పిన ఖర్చు వింటే కొత్తది కట్టుకోవడమే నయమనిపించింది. చేతిలో డబ్బు పెట్టలేని వాళ్ళం కాబట్టి బిల్డర్‌తో జాయింట్ డెవలప్‌మెంట్, అంటే స్థలం మాది, కట్టే ఖర్చు ఆయనది, వచ్చిన అడుగులు ఇద్దరం పంచుకోవడం.

ఇక మెలిక. ఎఫ్ఎస్ఐ అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే లెక్క. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడికి ఇది అర్థమయ్యేలా చెప్పడానికే ఒక పూట పట్టింది, అక్కడ ఆ పరిమితి లేదు మరి. తమిళనాడులో మామూలు బిల్డింగులకు ఒకటిన్నర ఉండేది, 2019లో వచ్చిన ఉమ్మడి నిర్మాణ నిబంధనలతో రెండుకు పెంచారు. దానికి తోడు ప్రీమియం ఎఫ్ఎస్ఐ అని ఇంకోటి ఉంది. గైడ్‌లైన్ విలువను (ప్రభుత్వం లెక్కగట్టిన భూమి ధర) బట్టి ప్రభుత్వానికి డబ్బు కడితే అదనంగా కట్టుకోనిస్తారు. ఎంత అదనం అన్నది ముందున్న రోడ్డును బట్టి. 18 మీటర్లు, ఆపైన ఉంటే 50 శాతం, 12 నుంచి 18 లోపైతే 40, తొమ్మిది నుంచి 12 లోపైతే 30.

మా 9600 అడుగులకు రెండు రెట్లంటే 19,200. అందులో ఇప్పుడున్న మా 14,400 అడుగులూ మాకే తిరిగిస్తానన్నాడు బిల్డర్. లెక్క ప్రకారం సరిగ్గా 75 శాతం. మా 40 అడుగుల వీధి 12 మీటర్లు దాటుతుంది కాబట్టి వచ్చే ప్రీమియం 40 శాతం కలిపితే మాత్రం మొత్తం 26,880 అవుతుంది. ఆ 7,680 అడుగుల ఊసు లెటర్‌లో ఎక్కడా లేదు. నిజానికి మాకిస్తానన్నది 53, 54 శాతం మధ్య. అబద్ధమేమీ రాయలేదు, కింద భాగించే అంకె చిన్నది వేసుకున్నాడంతే.

మీటింగ్‌లో అడిగితే బిల్డర్ తడుముకోలేదు. "ప్రీమియం డబ్బు నేనే కడుతున్నాను, కట్టే ఖర్చూ నాదే, ఆ ఏరియా నాదే కదండీ" అన్నాడు. చాలామంది తలలూపారు. నాకు మాత్రం ఆ వాదన నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. ప్రభుత్వం అదనపు అంతస్తు ఇచ్చేది ఈ స్థలానికి, ఈ స్థలం ముందున్న రోడ్డుకు. స్థలం మాది. దానికి కట్టే డబ్బు సిమెంటు, స్టీలు లాగే ఒక ఖర్చు, ప్రాజెక్టు లెక్కలో వేసుకుని మొత్తాన్ని పంచాలి. అదే మాట కాగితం మీద రాసి, మిగతా ఇద్దరు బిల్డర్ల కొటేషన్లు పక్కన పెట్టి, మూడు నిలువు గళ్ళు గీసి అందరికీ ఇచ్చాను. మొత్తం అడుగులు, మనకొచ్చే అడుగులు, మనకు మిగిలే భూమి.

ఆ మూడో గడే అందర్నీ కదిలించింది. ఫ్లాటు కొన్నప్పుడు రిజిస్టరయ్యేది భూమిలో విడదీయని వాటా, యూడీఎస్. వెయ్యి అడుగుల ఫ్లాటుకు మా వాటా 667 అడుగులు. కొత్త బిల్డింగులో బిల్డర్ అమ్ముకునే ఫ్లాట్లకూ ఈ భూమిలోంచే వాటా పోతుంది. చివరికి 58:42కు ఒప్పందం కుదిరింది, ప్రీమియం చార్జీ పూర్తిగా బిల్డర్‌దే. ఫ్లాటు వెయ్యి నుంచి 1,083 అడుగులైంది, భూమి వాటా 667 నుంచి 387కు దిగింది. "ఇల్లు పెద్దదవుతోందని సంతోషపడుతున్నాం, అసలు ఆస్తి సగానికి దగ్గరపడుతోంది" అని సెక్రటరీ గారు మెల్లగా అన్నారు. ఇంకో ముప్ఫై, నలభై ఏళ్ళకు మా పిల్లలు మళ్ళీ ఇదే బేరం ఆడాల్సి వస్తే వాళ్ళ చేతిలో ఉండేది ఆ 387 అడుగులే. ఇది తెలిసీ సంతకం పెట్టాం. పెచ్చులూడే ఇంట్లో 667 అడుగుల మీద కూర్చుని ఏం చేస్తాం?

అన్నిటికంటే ఎక్కువ గొడవ షాపుల దగ్గర వచ్చింది. చెన్నై నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏ రెండో మాస్టర్ ప్లాన్‌లో మా వీధి మిశ్రమ నివాస జోన్‌లో ఉంది, కాబట్టి కింద షాపులు, పైన ఇళ్ళు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు. బిల్డర్ ఆలోచన వేరు. గ్రౌండ్ ఫ్లోరు ముందు భాగం, ఫస్ట్ ఫ్లోరు ముందు భాగం కలిపి ఒకే పెద్ద షోరూమ్‌గా తనకు కావాలన్నాడు. షాపుల ఓనర్లకు ఫస్ట్ ఫ్లోరు వెనక వైపు అంతే అడుగులు ఇస్తాడట. అడుగుకు అడుగు లెక్క సరిపోయింది గానీ రోడ్డు మీద కనబడే షాపుకూ, మెట్లెక్కి వెళ్ళే గదికీ అద్దెలో ఎంత తేడా ఉంటుందో ఆర్కాట్ రోడ్డు మీద కూరగాయలమ్మే ఆమెకు కూడా తెలుసు. ఫ్లాట్ల వాళ్ళలో కొందరు "షాపులు వాళ్ళ తలనొప్పి, మనకెందుకు" అన్నారు. షాపుల వాళ్ళు నలుగురూ ఒక్కటై మా ఒక్క సంతకం లేకుండా ఎలా కడతారో చూస్తాం అన్నారు.

షాపులు ముందు భాగంలో ఉంటే ఆ మేరకు పార్కింగ్ తగ్గుతుంది. పార్కింగ్ ఫ్లోరు ఎఫ్ఎస్ఐలోకి రాదు, షాపులు వస్తాయి. పైగా షాపులకూ విడిగా పార్కింగ్ చూపించాలి. అయితే బేస్‌మెంట్ వేద్దామన్నాడు బిల్డర్. రెండు వరదలు చూసిన వాళ్ళం, ఆ మాటకు ఒక్క నోటితో వద్దన్నాం. ఆఖరికి ఒక కారు పైన ఇంకో కారును ఎత్తి పెట్టే మెకానికల్ పార్కింగ్‌కు ఒప్పుకున్నాం. అది ఎవరికీ ఇష్టం లేదు. కరెంటు పోతే పైన కారు పైనే ఉండిపోతుందేమోనని పిన్ని గారి భయం, జనరేటర్ కనెక్షన్ ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించాం. షాపుల ఓనర్లకు గ్రౌండ్ ఫ్లోర్లోనే రోడ్డు వైపు షాపులు, బిల్డర్‌కు వాటి పైన ఫస్ట్ ఫ్లోరులో ఆఫీసు స్థలం. ఇళ్ళ వాళ్ళకు గేటు వేరు, లిఫ్టు వేరు, షాపులకు మీటర్లు వేరు. హోటల్‌కు అద్దెకిస్తే వంటింటి జిడ్డు కాలువలోకి పోకుండా ఆపే గ్రీజు ట్రాప్, పొగగొట్టం ఎక్కడుండాలో ప్లాన్‌లోనే గీయించాం. కింద మెస్ పెట్టిన బిల్డింగులో ఉన్న మా పెదనాన్న కూతురు ఫోన్‌లో గంటసేపు చెప్పిన పాఠం అది.

ఈ గొడవంతటిలో మాట్లాడే హక్కు లేనివాళ్ళు షాపుల్లో అద్దెకుండేవాళ్ళు. మూడో షాపులో టైలర్ మాస్టరు ఉండేవారు. తెనాలి వైపు నుంచి సినిమా కాస్ట్యూమ్స్ కుట్టడానికి వచ్చి, ఇండస్ట్రీ వెళ్ళిపోయాక మా వీధి బ్లౌజుల మీద బతుకుతున్నారు. రాత అగ్రిమెంటు లేదు, ఎప్పుడో ఇచ్చిన అడ్వాన్సు, ఏటా నోటి మాటగా పెరిగే అద్దె. తమిళనాడులో 2019 నుంచి అమల్లో ఉన్న కొత్త అద్దె చట్టం ప్రకారం అగ్రిమెంటు రాతలో ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదవ్వాలి. ఆయన లాంటి వాళ్ళకు ఆ చట్టం ఉన్నట్టు కూడా తెలియదు. "ఓనరుకు షాపొస్తుంది, అద్దె పోయిన రోజులకు బిల్డర్ డబ్బిస్తాడు. మిషన్లు ఎత్తుకుని పోయేది నేను కదమ్మా" అన్నారొకసారి, కోపం లేకుండానే. అద్దెదారులకు కూడా షిఫ్టింగ్ చార్జీ ఇప్పిద్దామని మీటింగ్‌లో నేనన్నాను. ఇద్దరు తప్ప ఎవరూ బలపరచలేదు. మాస్టరు షాపు ఓనరు అడ్వాన్సు తిరిగిచ్చి, ఆఖరి మూడు నెలల అద్దె వదిలేశారు. అదైనా చట్టం చెప్పి చేసింది కాదు. ప్రభుత్వం అదనపు అంతస్తులిచ్చేటప్పుడు రోడ్డు వెడల్పు అడుగుతుంది, డబ్బు అడుగుతుంది. అక్కడ ఇన్నాళ్ళూ వ్యాపారం చేసుకున్నవాడి సంగతి కూడా ఒక గళ్ళో అడిగితే ఏం పోయింది?

కాగితాల దగ్గరికి వస్తే, ఇది వేరే లోకం. ఫ్లాట్ల అమ్మకం దస్తావేజులు అందరి దగ్గరా ఉన్నాయి గానీ పట్టా మాత్రం 1980లలో స్థలం అమ్మిన ఆయన పేరు మీదే ఉంది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీలు తీయించాం. ఒకరి ఒరిజినల్ దస్తావేజు ఇల్లు మారేటప్పుడు పోయింది. పోలీసులకు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన, దొరకలేదన్న సర్టిఫికెట్, ఆ తర్వాతే నకలు చెల్లింది. ఇంకో ఫ్లాటు ఓనరు పోయి చాలా కాలమైంది, పిల్లల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలో. వారసుల సర్టిఫికెట్ తెచ్చాక, అమెరికా అబ్బాయి కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాడు. అలాంటి పవర్ ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆ గడువు సంగతి లాయర్ చెప్పకపోతే మళ్ళీ మొదటికొచ్చేది.

సంతకాల విషయంలో చట్టం మా పక్షానే ఉంది. 1994 నాటి అపార్ట్‌మెంట్ చట్టం స్థానంలో వచ్చిన 2022 చట్టం 2024 మార్చిలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే రీడెవలప్‌మెంట్‌కు వెళ్ళొచ్చు. మా పదహారింటిలో పదకొండు చాలు. కానీ బిల్డరూ, బిల్డర్‌కు అప్పిచ్చే బ్యాంకూ పదహారూ కావాలన్నారు. మిగిలిన వాళ్ళలో ఒక్కరు కోర్టుకు వెళ్ళినా పని ఆగుతుందని వాళ్ళ భయం. మాకు మిగిలింది రెండో అంతస్తు బాబాయి గారు ఒక్కరే. "నేను పోయాక కట్టుకోండి రా, అందాకా ఆగలేరా?" అనేవారు. అందరూ మొండి మనిషన్నారు గానీ ఆయన అడిగిన ప్రశ్నలే మా అగ్రిమెంటును బాగుచేశాయి. బిల్డర్ సగంలో ఆపేస్తే? అద్దె ఇవ్వడం మానేస్తే? నా ఒరిజినల్ కాగితాలు ఎవరి బీరువాలో ఉంటాయి?

ఆయన మాటల మీదే లాయర్ కొన్ని షరతులు రాశారు. మేం బయట ఉన్నన్నాళ్ళూ బిల్డర్ మాకిచ్చే అద్దె కొత్త ఇంటి తాళాలిచ్చే రోజు దాకా కాదు, కట్టడం పూర్తయిందని అధికారులిచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చే దాకా ఇవ్వాలి. అది లేకపోతే మా సైజు బిల్డింగుకు కరెంటు, నీటి కనెక్షన్లు రావు. ఒరిజినల్ దస్తావేజులు మా లాయర్ దగ్గరే ఉంటాయి. మా 58 శాతాన్ని బిల్డర్ ఎక్కడా తాకట్టు పెట్టకూడదు. పని ఆగితే వాడుకోవడానికి బ్యాంకు గ్యారంటీ. ప్రీమియం ఎఫ్ఎస్ఐ అనుకున్నంత రాకపోయినా మాకు ఇప్పుడున్న అడుగులకు తగ్గకూడదు, ఎక్కువొస్తే 58 శాతం వాటా. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో ప్రాజెక్టు రిజిస్టరవ్వాలి (ఎనిమిది యూనిట్లు దాటింది కాబట్టి ఎలాగూ తప్పదు). ఇవన్నీ చదివి వినిపించాక బాబాయి గారు ఒక్కటే అడిగారు, అదే వీధిలో, గ్రౌండ్ ఫ్లోరులో అద్దె ఇల్లు. సెక్రటరీ గారు వెతికి పెట్టారు. సంతకం అయింది.

పన్ను గురించి ఆడిటర్ ఐదు నిమిషాల్లో తేల్చేశారు. 2017లో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 45(5ఏ) సెక్షన్ వల్ల, రిజిస్టరైన ఒప్పందమైతే వ్యక్తులకు క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి మీద వచ్చే లాభం) పన్ను సంతకం చేసిన ఏడాది పడదు, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాది పడుతుంది. ఒక షాపు కంపెనీ పేరు మీద ఉంది, దానికి ఈ వెసులుబాటు లేదు. విడిగా చేతికి డబ్బు తీసుకున్న వాళ్ళకు పది శాతం టీడీఎస్ కోసుకునే ఇచ్చారు.

నాకు అసలు టెన్షన్ పెట్టింది రోడ్డు కొలత. రికార్డుల్లో మా వీధి 40 అడుగులు, అంటే 12.19 మీటర్లు. నేల మీద కొలిస్తే ఒక చోట 12 లోపుకు వచ్చింది. కారణం ఎదురింటాయన కారెక్కడానికి వేసుకున్న ర్యాంపు, దాని పక్కన తులసి కోట గట్టు. ఆ కొన్ని అంగుళాలతో మా ప్రీమియం 40 నుంచి 30 శాతానికి పడిపోతుంది, అంటే 1,920 అడుగులు, దాదాపు రెండు ఫ్లాట్లు పోయినట్టే. లక్షల లక్షల లెక్కలు ఒక ర్యాంపు మీద నిలబడటం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిన్ని గారూ నేనూ వెళ్ళి ఎదురింటి ఆవిడతో మాట్లాడాం. ముందు ససేమిరా అన్నారు. మేం కట్టేటప్పుడు వాళ్ళ ముందు కాలువ మీద కొత్త పలకలు బిల్డర్‌తో వేయిస్తామన్నాక, తులసి కోటను లోపలికి జరిపి, ర్యాంపు తీయించారు. మళ్ళీ కొలిచారు. 12 దాటింది.

ఖాళీ చేసేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. పన్నెండు కుటుంబాలు ఒకేసారి, ఒకే చుట్టుపక్కల అద్దె ఇళ్ళు వెతికితే అద్దెలు మనమే పెంచినట్టవుతుంది. బిల్డర్ ఇచ్చే అద్దె మాకు చాలలేదు, మిగతాది చేతి నుంచి వేసుకుంటున్నాం. ఇలాంటి పాత బిల్డింగులు మా వీధిలోనే ఇంకో రెండు పడగొట్టారు. పన్నెండు ఇళ్ళున్న చోట ఇరవైకి పైగా వస్తున్నాయి, షాపులు, ఆఫీసులు వాటికి అదనం. వీధి వెడల్పు అదే, డ్రైనేజీ పైపు అదే. మెట్రో ఉంది కదా, కార్లు తగ్గుతాయి అంటారు. మా ప్లాన్‌లో మాత్రం ఫ్లాటుకు ఒక కారు చొప్పున చూపించాం.

ఇప్పుడు మూడో శ్లాబు అయింది. మాస్టరు వలసరవాక్కంలో ఒక సందులో మిషన్లు పెట్టుకున్నారు, కొత్త షాపు అద్దె ఎంతుంటుందని అడిగితే ఓనరు చెప్పిన అంకె విని మళ్ళీ అడగలేదు. మెయింటెనెన్స్ ఎలా పంచాలన్న పేచీ ఇంకా తెగలేదు. షాపుల వాళ్ళు లిఫ్టు వాడం కాబట్టి సగమే కడతామంటున్నారు, ఫ్లాట్ల వాళ్ళు అడుగుల లెక్కన అందరూ కట్టాలంటున్నారు. నేను లిఫ్టు ఖర్చు విడదీసి, మిగతా అంతా అడుగుల లెక్కన వేసి ఒక పట్టిక చేశాను, రెండు వైపులా సణుగుతున్నారు కాబట్టి అది న్యాయంగానే ఉన్నట్టుంది. ఇంతలో బిల్డర్ నుంచి కొత్త లెటర్. ఫస్ట్ ఫ్లోరు ఆఫీసులకు అదనంగా ఒక లిఫ్టు కావాలట, దానికి పార్కింగ్‌లో రెండు కార్ల స్థలం పోతుందట, సవరించిన ప్లాన్ మీద అందరి సంతకాలు కావాలట. లాయర్‌కు పంపాను. ఆదివారం మీటింగ్ పెట్టాం, సెక్రటరీ గారి అద్దె ఇంట్లో.